చివరి చెక్కు ఇచ్చేముందు ఫ్లాటులో రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి

"బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసి వెళ్లాడుగా, లోను కూడా శాంక్షన్ అయింది, ఇంకా చూసేదేముంది?" ఫ్లాటు కొనేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బ్యాంకు పంపిన మనిషి చూసేది, ఇచ్చే అప్పుకి ఆ ఆస్తి సరితూగుతుందా లేదా అని. బాత్‌రూములో వాటం ఎటుందో, గీజరు పాయింటుకి ఎర్త్ వచ్చిందో లేదో చూడటం ఆయన పని కాదు. లీగల్ ఒపీనియన్ ఇచ్చే వకీలు కాగితాల వరకే. గోడలు, గొట్టాలు, తీగలు చూడాల్సిన మనిషి ఎవరూ లేరు, మీరు తప్ప.

ఇది ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల కడుతున్న కొత్త అపార్టుమెంట్ల కోసం రాస్తున్నది. పాత ఫ్లాట్లు, విజయవాడ, వైజాగ్ సంగతులు చివర్లో.

ముందు టైమింగ్. చాలా అగ్రిమెంట్లలో చివరి వాయిదా హ్యాండోవర్ దాకా మిగిలి ఉంటుంది. ఆ సమయానికి బిల్డర్ ఆఫీసు నుంచి వచ్చే మెయిల్ ఇలా ఉంటుంది: మిగతా డబ్బు కట్టండి, రిజిస్ట్రేషన్ చేయించుకోండి, తాళాలు తీసుకోండి. ఈ వరుసలో ఇన్‌స్పెక్షన్ ఎక్కడా లేదు, గమనించారా? దాన్ని డబ్బు కట్టడానికి ముందుకి మీరే జరపాలి. "ఫ్లాటు చూసుకుని, లోపాల లిస్టు ఇచ్చి, అవి సరిచేశాక చివరి వాయిదా కడతాం" అని మెయిల్‌లోనే రాయండి. ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 14వ సెక్షను ప్రకారం, పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ల లోపు కట్టుబడిలో గానీ, పనితనంలో గానీ లోపం బయటపడి మీరు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. మంచి హక్కే. కాకపోతే సైటులో తాపీ మేస్త్రి, ప్లంబరు, పెయింటరు ఇంకా ఉన్నప్పుడు అరరోజులో అయ్యే పని, వాళ్లు వేరే సైటుకి వెళ్లిపోయాక ఆర్నెల్ల ఫోన్లవుతుంది. అలాగని బిల్డరుని ఎంతకాలమైనా ఆపవచ్చనీ కాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే కాగితం) వచ్చిన రెండు నెలల్లోగా పొజెషన్ తీసుకోవాలని అదే చట్టం కొన్నవాళ్లకీ చెబుతోంది.

కాగితాల్లో రెండు విషయాలు మాత్రం ఫ్లాటు చూడ్డానికి వెళ్లేముందే తేల్చుకోండి. మొదటిది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చిందా అన్నది. రెండోది తనఖా. అనుమతి ఇచ్చేటప్పుడు జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ కట్టే విస్తీర్ణంలో 10 శాతం పూచీగా తనఖా పెట్టించుకుంటాయి. ఓసీ వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీ ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూడాలి. ఇక చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఏమీ కట్టకూడని పట్టీ) సంగతి, చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో రంగంలోకి దిగాక ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తీసుకెళ్లాల్సిన సామాను పెద్దగా ఏమీ లేదు. మంచి టార్చి, రెండడుగుల రసమట్టం, లేజర్ మీటరు, మల్టీమీటరు, మూడు పిన్నుల సాకెట్ టెస్టర్, ఒక బకెట్టు, చిన్న కర్ర, రంగు మాస్కింగ్ టేపు, మార్కర్. పొద్దున్నే వెళ్లండి. గోడల ఎగుడుదిగుళ్లు ఏటవాలు వెలుతురులోనే కనిపిస్తాయి. ముగ్గురు నలుగురు బంధువులతో వెళితే మాటలెక్కువై చూపు తగ్గుతుంది. ఇద్దరు చాలు, ఒకరు చూడటానికి, ఒకరు రాయడానికి. నీళ్లు నిలబెట్టే రెండు రోజులు కాక, మూడు బెడ్‌రూముల ఫ్లాటుకి సగం రోజు పెట్టుకోండి.

నీళ్ల పరీక్ష

అందరూ ముందు చూసేది టైల్స్ మెరుపు, పెయింటు ఫినిషింగు. అవి బాగోకపోయినా తర్వాత మార్చుకోవచ్చు. బాత్‌రూము స్లాబులోంచి కారే నీళ్లని ఆపాలంటే మాత్రం టైల్స్ పగలగొట్టాలి, కింది ఫ్లాటువాళ్లతో మాట పడాలి. అందుకే ఉన్న సమయంలో సగం నీళ్లకే కేటాయించమని నా సలహా.

పద్ధతి ఇది. బాత్‌రూములో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే తూము) మీది జాలీ తీసి, పాలిథీన్ కవర్లో ఇసుక నింపి ఆ మూతిలో గట్టిగా దోపండి. నీళ్లు వదిలి, గడప రాయికి అర అంగుళం కింద ఆపండి. నీటి మట్టం దగ్గర గోడ టైలు మీద టేపు అంటించి టైము రాయండి. 40 చదరపు అడుగుల బాత్‌రూములో అంగుళం ఎత్తు నీళ్లంటే సుమారు 95 లీటర్లు, స్లాబుకి అదొక బరువే కాదు. "స్లాబు దెబ్బతింటుంది సార్" అని సైటులో ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. 48 గంటలు అలాగే ఉంచాలి. ఆవిరయ్యేది రెండు మూడు మిల్లీమీటర్లు. అంతకుమించి దిగితే నీళ్లు ఎటో పోతున్నట్టే. దోపిన కవరు పక్కనుంచి కారడం లేదని మాత్రం ముందు నిర్ధారించుకోండి.

ఇప్పుడు చూడాల్సింది మీ బాత్‌రూము కాదు, దాని చుట్టూ ఉన్నవి. కింది ఫ్లాటు తాళం తీయించి, ఫాల్స్ సీలింగ్‌లో ఉండే చిన్న తలుపు తెరిచి టార్చి వేయండి. స్లాబులోంచి గొట్టం దిగే చోట, మూలల్లో తడి తేలిందా? మీ ఫ్లాటులోనే, బాత్‌రూము గోడకి అవతల బెడ్‌రూము వైపు, స్కర్టింగ్‌కి (గోడ అడుగున ఉండే టైలు పట్టీ) పైన జానెడు ఎత్తు వరకు చెయ్యి పెట్టి చూడండి. వార్డ్‌రోబు వచ్చేది సాధారణంగా ఆ గోడకే. అక్కడ చెమ్మ ఉంటే ఏడాది తిరక్కుండా ప్లైవుడ్డు ఉబ్బుతుంది.

తడి ఎందుకు తేలుతుందంటే కారణాలు మూడు నాలుగే. వాటర్‌ప్రూఫింగ్ పూతని నేల మీద వేసి, గోడ మీదికి అడుగు ఎత్తు వరకు తీసుకెళ్లకపోవడం. గొట్టం చుట్టూ స్లాబు రంధ్రాన్ని మామూలు సిమెంటుతో పూడ్చేయడం, అది ఆరాక కుంచించుకుపోయి సందు వదలడం. అన్నింటికన్నా ఎక్కువగా జరిగేది, వాటర్‌ప్రూఫింగ్ అయిపోయాక "ఈ ట్యాపు పాయింటు కాస్త ఇటు మార్చండి" అని ఎవరో అడిగితే ప్లంబరు ఉలి పెట్టి మళ్లీ కొట్టడం. కాబట్టి పాయింట్లు మార్పించుకున్న బాత్‌రూముని వదలకుండా పరీక్షించండి. సంకెన్ స్లాబు (బాత్‌రూము చోట కాస్త కిందికి దించి వేసిన స్లాబు) ఉంటే ఇంకో చిక్కు. టైల్స్ కింద ఇటుక ముక్కలో, తేలికపాటి ఫిల్లింగో ఉంటుంది. అది నీళ్లు పీల్చుకుని దాచిపెడుతుంది కనుక 24 గంటల్లో కింద ఏమీ కనిపించకపోవచ్చు. రెండు రోజులు అంటున్నది అందుకే.

ట్రాప్ తెరిచి నీళ్లు వదిలేటప్పుడు వాటం కూడా తేలిపోతుంది. పావుగంట తర్వాత మూలల్లో రూపాయి బిళ్ళ మునిగేంత నీళ్లు మిగిలాయంటే ఆ చోట మళ్లీ పరవాల్సిందే. మీటరుకి ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్ల వాటం చాలు. బాల్కనీలో, యుటిలిటీలో (గిన్నెలు, బట్టలు ఉతుక్కునే చోటు) కూడా బకెట్టు కుమ్మరించి చూడండి. యుటిలిటీలో వాటం హాలు వైపు తిరిగిన ఫ్లాట్లు బోలెడు.

సరఫరా గొట్టాల్లో ఎవరూ పట్టించుకోనిది వేడినీళ్ల లైను. హ్యాండోవర్ నాటికి గీజరు ఉండదు, దాని రెండు పాయింట్లకి బిరడాలు బిగించి ఉంటాయి. అంటే గోడలో ఉన్న వేడినీళ్ల పైపులో ఆ రోజుదాకా చుక్క నీరు పారకపోయి ఉండొచ్చు. గీజరు పాయింట్లు రెండింటినీ ఒక ఫ్లెక్సిబుల్ పైపుతో కలిపి లూప్ వేయమనండి. చన్నీళ్లే వేడి లైనులోకి వెళతాయి, మిక్సరు రెండో వైపు తిప్పి చూడొచ్చు. ప్లంబరుకి ఐదు నిమిషాల పని. తర్వాత ట్యాపులన్నీ కట్టేసి, ఫ్లాటుకి విడిగా నీళ్ల మీటరు ఉంటే అరగంట గమనించండి. ముల్లు కదిలిందంటే ఎక్కడో కారుతోంది.

కిచెన్ సింకు నిండా నింపి ఒక్కసారి వదిలేయండి. పక్క ట్రాపులో గుడగుడమని చప్పుడొస్తే గాలి గొట్టం సరిగా లేదని అర్థం. బాత్‌రూములో వాసన వస్తే వెంటనే కంగారు పడకండి. ట్రాపులో రెండంగుళాల నీరు నిలిచి ఉండి మురుగు గాలిని ఆపుతుంది. నెలల తరబడి మూసిన ఫ్లాటులో అది ఆరిపోతుంది. చెంబెడు నీళ్లు పోసి మర్నాడు చూడండి. అప్పటికీ వాసన పోకపోతే లిస్టులోకి ఎక్కించాలి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదీ ఇక్కడే అడగాలి. జలమండలి కనెక్షన్ వచ్చిందా, అప్లికేషన్ దశలోనే ఉందా? బోర్లూ ట్యాంకర్లూ అయితే ముందు బ్లాకుల్లో చేరినవాళ్లని ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో కొలిస్తే, తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు. సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉందంటారు, అది నడుస్తోందో లేదో వెళ్లి చూడండి.

టైల్స్, గోడలు

కర్ర ముక్కతో ప్రతి టైలునీ నాలుగు మూలలా, మధ్యలో తట్టాలి. గుల్ల శబ్దం ఎక్కడో ఒక మూల వస్తే సర్దుకోవచ్చు. టైలులో పావు వంతుకి మించితే మార్పించండి. విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చుకోదు, దాంతో వట్టి సిమెంటు పాలకి సరిగా పట్టు దొరకదు. పైగా ముద్దలు ముద్దలుగా పెట్టి అంటిస్తే మధ్యలో గాలి మిగులుతుంది. నేల మీద సోఫా కాలు ఆనితే పగులుతుంది, బాత్‌రూము గోడ మీదైతే ఊడి పడుతుంది. అదే బ్యాచి టైల్స్ ఒకటి రెండు పెట్టెలు అడిగి తీసుకుని దాచుకోండి. తర్వాత కొంటే రంగు కలవదు.

పగుళ్లన్నీ ఒకటి కావు. లప్పం మీద వెంట్రుకవాసి గీతలు ఆరేటప్పుడు వచ్చేవి, పెయింటుతో పోతాయి. ఇటుక లేదా ఏఏసీ (తేలికపాటి సిమెంటు) బ్లాకు గోడ, పిల్లరు లేదా బీముని కలిసేచోట నిట్టనిలువుగానో అడ్డంగానో తిన్నగా గీసినట్టు వచ్చే పగులు, రెండు రకాల పదార్థాలు ఎండకి వేరువేరుగా సాగడం వల్ల వస్తుంది. ప్లాస్టరింగుకి ముందు అక్కడ జాలీ కొట్టి ఉండాలి. పై పైన లప్పం పూస్తే వచ్చే వేసవికి మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి "పగులు తెరిచి, జాలీ వేసి, ప్లాస్టరు చేయాలి" అని లిస్టులో విడమర్చి రాయండి, "పగులు సరిచేయాలి" అని కాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు లింటెల్ (కిటికీ పైన వేసే కాంక్రీటు పట్టీ) ఎంతవరకు వేశారో అనుమానించమంటుంది. బీముల్లో, స్లాబులో, పిల్లర్లలో పగులు కనిపిస్తే మాత్రం సైటు ఇంజనీరు మాట చాలదు, బయటి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాలి.

కోకాపేట, నార్సింగి వైపు టవర్లలో చాలావాటికి మివాన్ షట్టరింగు, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టే పద్ధతి. గోడలన్నీ కాంక్రీటే. పగుళ్లు తక్కువ, కానీ తర్వాత పాయింటు మార్చాలన్నా, ఏసీ పైపుకి రంధ్రం కావాలన్నా ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి లేదు. ఏసీ పైపులు, చిమ్నీ, ఇంటర్నెట్ కేబులు రంధ్రాలు ముందే ఉన్నాయో లేదో ఇప్పుడే లెక్కపెట్టుకోండి.

కిటికీల్లో యూపీవీసీ పట్టీ అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. సగం సైటుల్లో అవి సిమెంటుతో మూసుకుపోయి ఉంటాయి. బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టించి, లోపలి గట్టు తడుస్తుందేమో చూడండి. బాల్కనీ రెయిలింగు కనీసం మీటరు ఎత్తుండాలి. పిల్లలున్న ఇల్లయితే కమ్మీల మధ్య నాలుగంగుళాలకి మించి సందు ఉండకూడదు. తలుపుల్ని సగం తెరిచి వదిలేయండి. వాటంతట అవే కదిలితే చట్రం తూకంలో లేనట్టు.

కరెంటు

ఇందులో ఒక్క మోసం గురించి వివరంగా చెప్పాలి. బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చు) మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోతుంది, ఎలక్ట్రీషియన్ "చూశారా సార్" అంటాడు. ఆ బటన్ పరీక్షించేది ఆ పరికరాన్ని మాత్రమే, మీ ఇంట్లో ఎర్త్ వైరు ఉందో లేదో దానికి తెలియదు. ప్రతి సాకెట్టులో టెస్టర్ గుచ్చి చూడాలి. అదీ ఆర్‌సీసీబీ బటన్ ఉన్న టెస్టర్ అయితేనే పని పూర్తవుతుంది. ఎందుకంటే ఎర్త్ వైరు లాగడం మరిచిపోయిన చోట, సాకెట్టు వెనకాల న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకి కలిపేసేవాళ్లున్నారు. మామూలు టెస్టర్‌లో లైట్లన్నీ సరిగ్గానే వెలుగుతాయి. టెస్టర్ బటన్ నొక్కినప్పుడు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పడిపోతే అది నిజమైన ఎర్త్. పడకపోతే అక్కడ ఎర్త్ లేదు, లేదా దొంగ ఎర్త్. అలాంటి పాయింటుకి గీజరు పెట్టి, ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే, గీజరు ఒంటికే కరెంటు వస్తుంది.

మిగతావి తేలిక. ఎమ్‌సీబీలు (ఒక్కో లైనుకి ఉండే ఆటోమేటిక్ స్విచ్చులు) ఒక్కొక్కటే ఆపుతూ ఏది దేనికో పేరు రాయించండి. లైట్లకి 1.5, మామూలు సాకెట్లకి 2.5, ఏసీ, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం వాడుక. ఒకటి రెండు బోర్డులు విప్పించి, వైరు మీద అచ్చు చదవండి. జనరేటర్ బ్యాకప్ మీద నడిచే పాయింట్లేవో మెయిన్ ఆపించి చూడాలి, బ్రోషరులో చూసి కాదు.

కొలతలకి గంట చాలు. కార్పెట్ ఏరియాలో లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీలు, డక్టులు కలవవు. 1,600 చదరపు అడుగులని అమ్మిన ఫ్లాటులో కార్పెట్ 1,100 చుట్టుపక్కల ఉండటం మామూలే. మీరు పోల్చాల్సింది అగ్రిమెంటులో రాసిన కార్పెట్ అంకెతో. పార్కింగు స్థలంలో మీ కారు నిజంగా తలుపు తెరుచుకునేలా పడుతుందా అన్నది మాత్రం కారు తీసుకెళ్లి పెట్టి చూడాల్సిందే.

లోపాల లిస్టు అస్పష్టంగా ఉంటే పని కూడా అలాగే ఉంటుంది. లోపమున్న చోట టేపు ముక్క అంటించి నంబరు వేయండి, ఆ నంబరు కనిపించేలా ఫొటో తీయండి. "17, మాస్టర్ బెడ్‌రూము, ఉత్తరం గోడ, కిటికీ కింద" అన్నంత వివరం కావాలి. సైటు ఇంజనీరుతో సంతకం, పూర్తయ్యే తేదీ రాయించుకుని, ఆ సాయంత్రమే మెయిల్ చేయండి. రెండోసారి వెళ్లినప్పుడు పాత నంబర్లే తనిఖీ చేయాలి. పొజెషన్ లెటర్లో "అన్నివిధాలా తృప్తికరంగా ఉంది, ఇకపై ఎలాంటి క్లెయిములూ లేవు" అనే వాక్యం ఉంటే కొట్టేయించండి, లేదా మిగిలిన లోపాల లిస్టుని జతచేసినట్టు దాని మీదే రాసి సంతకం పెట్టండి. గోడల్లో గొట్టాలు, తీగలు ఎటు పోతున్నాయో చూపే డ్రాయింగులూ అప్పుడే అడగండి. పూజగదికి మేకు కొట్టేరోజు కావాల్సొస్తాయి.

డబ్బు తీసుకుని ఇన్‌స్పెక్షన్ చేసే సంస్థలు ఇప్పుడు నగరాల్లో ఉన్నాయి. పాత రిపోర్టు ఒకటి చూపించమనండి. వంద పేజీల్లో ఎనభై గీతలూ మరకలూ అయితే దండగ. థర్మల్ కెమెరా తెస్తామంటారు, మంచిదే. అయితే అది చూసేది ఉష్ణోగ్రతలో తేడాని. ఎండిపోయి ఉన్న ఫ్లాటులో చెమ్మ జాడ దానికీ దొరకదు. వాళ్లు వచ్చేసరికి మీ నీళ్ల పరీక్ష నడుస్తూ ఉండాలి.

పాత ఫ్లాటు కొంటుంటే

ఇక్కడ నీళ్లు నిలబెట్టే అవకాశం ఓనరు ఇవ్వకపోవచ్చు. బదులుగా పాత జాడలు వెతకాలి. ఇల్లంతా పాత రంగుండి ఒక్క గోడకే కొత్త రంగు వేశారంటే, ఆ గోడకి అవతల ఏముందో చూడండి. సింకు కింద అల్మరా, అటకలు, బాత్‌రూము పైకప్పు, తెల్లటి ఉప్పు పూసిన చోట్లు చూడాలి. కింది ఫ్లాటు తలుపు తట్టి "పైనుంచి ఏమైనా కారుతోందా అండీ" అని అడిగితే ఏ రిపోర్టూ చెప్పనంత చెబుతారు.

వైజాగ్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న పాత భవనాల్లో ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి ఊచలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, పైనున్న కాంక్రీటుని పెచ్చులుగా నెట్టేస్తుంది. ఊచ దారి వెంబడే పోయే పగులు, సజ్జల అడుగున గోధుమరంగు మరక, బాల్కనీ కింద సుత్తితో తడితే గుల్ల మోత దాని గుర్తులు. ఫ్లాటు లోపల ఎంత అందంగా ఉన్నా సెల్లారుకి దిగి పిల్లర్లు చూడకుండా బయానా ఇవ్వొద్దు. విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదకి మునిగిన సింగ్ నగర్ లాంటి చోట్ల నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్లని అడగాలి. మీటరు బోర్డులు, లిఫ్టు మోటారు ఆ తర్వాత మార్చారా, ఆరబెట్టి వాడుతున్నారా అన్నదీ తెలుసుకోవాలి. గుంటూరు, విజయవాడ చుట్టూ నల్లరేగడిలో కట్టిన ఇండిపెండెంట్ ఇళ్లని వీలైతే ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి చూడండి. ఆ మట్టి తడికి ఉబ్బి ఎండకి కుంచించుకుంటుంది. పునాది తగినంత లోతుకి పోకపోతే గోడల్లో మెట్లు మెట్లుగా పగుళ్లొస్తాయి, ఒక కాలంలో పట్టే తలుపు ఇంకో కాలంలో వదులవుతుంది.

అసోసియేషన్ నుంచి బకాయిల్లేవన్న కాగితంతో పాటు గత రెండేళ్ల మీటింగు మినిట్స్ కూడా అడగండి. టెర్రస్ వాటర్‌ప్రూఫింగు, లిఫ్టు మార్పిడి, డ్రైనేజీ లైను లాంటి వాటికి తలా ఇంత వేయాలని తీర్మానించి ఉంటే, ఆ మొత్తం ఎవరు కట్టాలో సేల్ అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.